తవ్వి తీసే మాట

గోకుందలో ఇంగ్లీషు క్లాసు విడిచిపెట్టిన వేళకు అన్న మోటారు సైకిల్ మాండవి రోడ్డెక్కడం, ఆ బండి మీద మధ్యలో దత్తు ఇరుక్కుని కూర్చోవడం ప్రతీక్ష చూసింది. పోయిన వారం కథను అక్కడ ఆపాం. బండి నడుపుతున్నది ఆమె సొంత అన్న యోగేశ్. దత్తు వెనక, కదలకుండా పట్టుకుని కూర్చున్నది చిన్నాన్న కొడుకు నిలేశ్. అతను కూడా ఆ క్లాసులోనే చదువుతాడు. దత్తు, ప్రతీక్ష వాళ్ల పొలంలో కూలికి పోయే సంగవ్వ కొడుకు. అతనూ ప్రతీక్షా ఇద్దరూ బ్యాంకు పరీక్షకు చదువుతున్నారు. క్లాసులో ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు. ఊళ్లో అసలు పిలవనే పిలవడు. అతని తండ్రి ఎంకన్న ఈ వానాకాలంలో ప్రతీక్ష వాళ్ల చేన్లోనే చనిపోయాడు. పాము కరిచిందన్నారు. తెల్లారకముందే మట్టి చేశారు.

మలుపు దగ్గర దత్తు వెనక్కి తిరిగి చూశాడు. నిలేశ్ అతని మెడ మీద చెయ్యి వేసి తల ముందుకు తిప్పాడు.

ప్రతీక్ష స్కూటీ వెనక్కి మళ్లించింది. పోలీసులకు ఫోన్ చేద్దామని సంచిలో చెయ్యి పెట్టింది. అన్న గదా అనుకుంది. చెయ్యి బయటికి తీసేసింది.

దారి పొడుగునా ఆమెకు ఒకటే అనుమానం. ఆ క్లాసు నడిపే సుమంగళ మేడంది ఒక పద్ధతి ఉంది. కొత్త మాటకు అర్థం బట్టీ పట్టినంత మాత్రాన అది మనది కాదంటుంది. ఆ మాట లేకపోతే చెప్పలేని సంగతిని ఎవరి బతుకులోంచి వాళ్లు వెతికి తీసి, నిలబడి అందరికీ వినిపించాలి. పొదుపు అనే అర్థం వచ్చే ‘ఫ్రూగల్’కు ఒక అమ్మాయి తన అత్త నూనె సీసాకు వేసే తాళం గురించి చెప్పింది. చెప్పకుండా పారిపోవడం అనే ‘అబ్‌స్కాండ్’ ప్రతీక్ష వంతుకు వచ్చింది. పత్తి ఏరుడు మొదలయ్యేలోపు నేను ఇంట్లోంచి అబ్‌స్కాండ్ అయిపోతా అని ఆమె చెప్తే క్లాసంతా నవ్వింది. పక్క బల్ల మీద దత్తు కూడా నవ్వాడు. నిలేశ్ మాత్రం నవ్వలేదు. ఫోన్లో ఆ మాటకు అర్థం వెతికి, దత్తు వైపూ ఆమె వైపూ చూశాడు.

ఆ చూపే ఇప్పుడు ఇంటికి చేరిందని ప్రతీక్ష నిశ్చయించుకుంది. ఇవాళ హాల్ టికెట్ పనిమీద కిన్వట్ పోయి క్లాసుకు అందలేదు. తను లేని గంటలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

చేను దగ్గర మోటారు సైకిల్ అడ్డంగా పడి ఉంది. కొట్టం తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపలి నుంచి కేక ఏదీ రాలేదు. ఏదో తడి గోనెసంచిని కొడుతున్నట్టు చప్పుడు మాత్రం ఆగి ఆగి వినిపిస్తోంది. ఆమె తలుపు నెట్టింది.

దత్తును నడిమి గుంజకు ఎద్దుల పగ్గంతో కట్టేశారు. చొక్కా చినిగి నడుము దగ్గర వేలాడుతోంది. యోగేశ్ చేతిలో డ్రిప్పు పైపు ముక్క ఉంది. ఆ నల్ల పైపు తగిలిన ప్రతిచోటా చర్మం ఉబ్బి, కొన్నిచోట్ల చిట్లింది. పై పెదవి రెండుగా చీలి నెత్తురు గడ్డం మీదుగా ఛాతీలోకి కారుతోంది. నిలేశ్ ఏరి పోసిన పత్తి కుప్పకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియడం లేదు.

“ఇంకెవలికి చెప్పినవ్?” అంటున్నాడు యోగేశ్. గొంతు పెంచలేదు. “మీ అవ్వకు చెప్పినవా, మీ అవ్వే నీకు చెప్పిందా? మేడంకు చెప్పినవా?”

పైపు దత్తు చెవి మీద పడింది. తల గుంజకు కొట్టుకుంది.

ప్రతీక్ష పోయి ఇద్దరి మధ్యా నిలబడింది. “అన్నా, ఇడిసిపెట్టు. వానికి నాకు ఏం లేదు. అబ్‌స్కాండ్ అన్నది నేను. ఇల్లిడిసి ఉరుకుత అన్నట్టు. పత్తి ఏరుడుకు భయపడి నవ్వులాటకు అన్న. వానితోటి పోతనని కాదు.”

యోగేశ్ చెయ్యి గాలిలోనే ఆగింది. చెల్లెలిని చూశాడు. ఆమె దేని గురించి మాట్లాడుతున్నదో నిజంగానే అతనికి అర్థం కాలేదు. తిరిగి నిలేశ్‌ను చూశాడు. నిలేశ్ తల దించుకున్నాడు. అప్పుడు యోగేశ్ ముఖం మెల్లగా తేటబడింది. పోగొట్టుకున్న వస్తువును ఎవరో తెచ్చి చేతిలో పెట్టినట్టు ఉంది ఆ ముఖం. జేబులోంచి ఫోన్ తీశాడు.

“బాపూ, కొట్టం కాడికి రా. జల్ది రా. నీ బిడ్డె ఈ దత్తుగానితోటి లేచిపోతందంట. అదే చెప్తంది తన నోటితోని.”

“అన్నా, నేను గట్ల అన్లె.”

“అన్నవ్. నిలేశ్ ఇన్నడు. గదే చెప్తడు.”

తండ్రి మారోతి పక్క చేన్లోనే శనగ చూసుకుంటున్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ముల్లుగర్ర. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. కట్టేసి ఉన్న మనిషి మోకాళ్ల మీద మొదటి దెబ్బ వేశాడు. రెండోది భుజం మీద. కర్ర చివరి ఇనుప మొల కండలోకి దిగి బయటికి వచ్చేటప్పుడు దత్తు మొదటిసారి గట్టిగా అరిచాడు. ప్రతీక్ష తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన ఆమెను చెంప మీద కొట్టాడు. పడిపోయిన కూతురిని జడ పట్టి లేపి మళ్లీ కొట్టాడు. పుట్టినప్పటినుంచి ఆయన ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. ఆమె నోట్లో పన్ను ఒకటి కదిలింది. నెత్తురు ఉప్పగా తగిలింది.

“నిన్ను సద్విపిచ్చింది గిందుకా?” అన్నాడు మారోతి. ఆయన ఏడుస్తున్నాడు. “ఇంగ్లీష్ మాటలు నేర్సుకుంటవని తోలితే, మా ముంగట మాకు తెల్వకుంట మాట్లాడుకోనికె నేర్సుకున్నరా?”

ప్రతీక్ష నేల మీద నుంచే నిలేశ్‌ను చూసింది. ఏదో సరిపోవడం లేదని అప్పుడే ఆమెకు తట్టింది. తను అడ్డం వచ్చేదాకా అన్న ఆమె పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంకెవరికి చెప్పావని మాత్రమే అడిగాడు.

“నిలేశ్,” అంది. “ఇయ్యాల క్లాసుల ఏమైంది?”

“నోరు తెరిస్తే సంపుత,” అన్నాడు యోగేశ్.

“బాపూ, వాన్ని చెప్పనియ్యి. తర్వాత నన్ను ఎంత కొట్టినా కొట్టు.”

మారోతి ఎగపోస్తున్నాడు. కర్రకు ఆనుకుని తమ్ముడి కొడుకు వైపు చూశాడు. పెదనాయన చూపుకు నిలేశ్ నిలవలేకపోయాడు.

“మేడం కొత్త మాట ఇచ్చింది పెదనాయనా. ఎవలికీ తెల్వలే. గీడు లేచి దానితోటి ఏందో చెప్పిండు. నాకు అర్థం గాక యోగేశ్ దాదాకు ఫోన్ చేసిన. ఫోన్ల చూస్తే అర్థం దొరికింది. గంతే. గీయింత కొడ్తడని నాకేం ఎరుక.”

“ఏం మాట?”

చీలిన పెదవితో దత్తే చెప్పాడు. ఒక్కొక్క అక్షరమూ నెత్తుటితో తడిసి వచ్చింది.

“ఎగ్జూమ్.”

“గదేంది?” అన్నాడు మారోతి కూతురితో.

ఆ మాట ప్రతీక్షకు తెలుసు. పోయిన నెలలోనే చదివింది. ఇది పరీక్షలో వస్తుందా రాదా అని అప్పుడు అనుమానపడింది కూడా. ఇప్పుడు దాని అర్థం నాలుక మీదికి వచ్చి ఆగింది. ఎవరి గురించి ఆ మాట వాడతారో తండ్రికి చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

“పాతిపెట్టిన పీనుగను మళ్ల తవ్వి తీసుడు బాపూ. సర్కారోల్లు తవ్వి చూస్తరు. ఎట్ల సచ్చిండో తెల్సుకోనికె.”

“మా నాయినను తవ్వి తీస్తే, ఆయిన అరచేతులే సాచ్చెం చెప్తయి. నేను గదే అన్న పటేలా,” అన్నాడు దత్తు. “తానం చేపిచ్చేటప్పుడు మా అవ్వ చూసింది. రెండు చేతుల్ల తీగె గీతలు. నల్లగ కాలినయ్. పాము చేతులను కాలుస్తదా? మా అవ్వ గిన్నొద్దులు నాకు చెప్పలే. మీ చేన్ల కూలి పోతదని చెప్పలే. దసరాకు చెప్పింది. నేను ఎవలికి చెప్పాలె? పోలీసుకా? ఏమని చెప్పాలె? గా మాట దొరికినంక చెప్పబుద్దయింది. లేచి చెప్పిన. మేడం మంచి వాక్యం అన్నది.”

అడవిపందుల కోసం చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టే రైతులు ఆ వైపు ఉన్నారని ప్రతీక్షకు తెలుసు. తమ చేనుకు అలాంటిది లేదనే ఆమె అనుకుంటూ వచ్చింది. తండ్రిని చూసింది. ఇప్పుడు ఆయన కర్ర అన్న మీదికి లేస్తుందని, ఇదేం ఘోరంరా అని అడుగుతాడని ఎదురు చూసింది.

మారోతి కర్ర దించాడు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి కొడుకును అడిగాడు.

“ఇంకెవలు విన్నరు?”

తండ్రి కొట్టిన దెబ్బలు ప్రతీక్షను ఇంత బాధ పెట్టలేదు.

“క్లాసంత విన్నది,” అన్నాడు యోగేశ్. “కని తీగె సంగతి ఎవలికి సమజ్ గాలే. వీడొక్కడే. వీడు, వీని అవ్వ.”

అతను పైపు పారేసి, గోడవార ఉన్న గడ్డపార అందుకున్నాడు. “తవ్వుతవారా? తవ్వి తీపిస్తవా? ముందుగాల నిన్ను పెడ్త లోపట. అప్పుడు మీ నాయినను అడుగు, ఎట్ల సచ్చినవని.”

“దాదా, బస్ ఝాలా,” అన్నాడు నిలేశ్. “చాలు దాదా. నేను ఇందుకు చెప్పలే.” యోగేశ్ గడ్డపార అతని వైపు తిప్పాడు. నిలేశ్ గోడకు రాసుకుంటూ తలుపు దాకా పోయి, ఒక్క దూకుతో బయటపడి పరుగెత్తాడు.

ఆ ఒక్క క్షణం ప్రతీక్షకు దొరికింది. కట్టె మోపులో గుచ్చి ఉన్న కొడవలి లాగి పగ్గం మీద వేసింది. ఒక పేట తెగింది. రెండోది తెగుతుండగా దత్తు కళ్లు పెద్దవయ్యాయి. ఆమె తిరిగి చూడలేదు. ఎడమ చెయ్యి దత్తు తల మీద అడ్డం పెట్టింది. గడ్డపార ఆ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. చెయ్యి మోచేతి కింద వేరే దిక్కుకు వంగి వేలాడింది. కొడవలి కింద పడింది.

“బిడ్డా,” అన్నాడు మారోతి. ముందుకు వచ్చాడు. యోగేశ్ రెండోసారి గడ్డపార ఎత్తాడు.

దత్తు మిగిలిన పగ్గాన్ని తెంపుకుని మోకాళ్ల మీద పడ్డాడు. లేవలేదు. లేచే బలం లేదు. నేల మీద దొరికిన కొడవలిని అడ్డంగా విసురుగా లాగాడు. అది యోగేశ్ తొడలో దిగి కండను కోసుకుంటూ మోకాలి దాకా వచ్చింది. యోగేశ్ గడ్డపారతో సహా పత్తి కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. దత్తు పాక్కుంటూ పోయి అతని మెడ మీద కొడవలి ఆనించాడు. అంచు మెడ చర్మాన్ని గీరింది.

“దత్తూ, వద్దు,” అంది ప్రతీక్ష. “నువ్వు కోస్తే నిన్ను పట్కపోతరు. వీన్ని పట్కపోవాలె. వద్దు.”

దత్తు వెనక్కి తగ్గడానికి చాలా సమయం పట్టింది. గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ప్రతీక్ష కుడి భుజం అతని చంక కింద పెట్టింది. మారోతి తలగుడ్డ విప్పి కొడుకు తొడకు బిగించి కట్టుకడుతున్నాడు. గుడ్డ మొత్తం తడిసిపోయింది. ఆయన ఎవరి వైపూ చూడటం లేదు.

“బాపూ, నీకు ఎరుకనే,” అంది ప్రతీక్ష. “తీగె ఎరుక. పాము అన్నది నువ్వే.”

ఆయన ముడి వేస్తూనే ఉన్నాడు.

“నేను చెప్త,” అంది. “పోలీస్ స్టేషన్ల చెప్త. మేడంను తోల్కపోత. అన్న పేరు చెప్త, నీ పేరు చెప్త. సంగవ్వ చూసిన చేతులు చెప్త. తవ్వి తీయమంట.”

యోగేశ్ నవ్వాడు. ముఖం పాలిపోయింది, పళ్ల మధ్య నురగ ఉంది. అయినా నవ్వాడు.

“చెప్పు. అన్నీ చెప్పు. తీగె గట్టింది నేనే. పందులకని గట్టిన. మోటర్ వైరుకు కలిపింది నేనే. కలిపి ఊళ్లెకు పోయిన. మరి కరెంట్ పెట్టింది ఎవలో గది గూడ చెప్పు.”

“యోగేశ్,” అన్నాడు మారోతి. “నోర్మూయ్.”

“ఎందుకు మూయాలె? అది నన్ను జైలుకు తోలుతదంట. అడుగు దాన్ని. ఆ దినం పొద్దుగూకంగ ఈ కొట్టంల కూసోని ఇంగ్లీష్ చదివింది ఎవలు? మోటర్ ఎయ్యమని నేను ఫోన్ చేస్తే, పచ్చ బటన్ ఒత్తింది ఎవలు?”

మారోతి కొడుకు నోటి మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. అప్పటికే మాట బయటికి వచ్చేసింది.

“నీ పేరు రావద్దని బిడ్డా,” అన్నాడు ఆయన. మొదటిసారి కూతురి కళ్లలోకి చూశాడు. “వాని కోసం కాదు. నీ పేరు రావద్దనే పాము అన్న.”

ప్రతీక్షకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. దానికోసం వెతకాల్సిన పని లేదు. ఇంట్లో టీవీ గోల భరించలేక పుస్తకం పట్టుకుని ఇక్కడికి వచ్చేది. వానలు ఆగి నాలుగు రోజులుగా ఎండ కాస్తోంది. అన్న ఫోన్ చేసి మోటర్ ఎయ్యి, ఎంకన్న నీళ్లు మలుపుతడు అన్నాడు. లేచి బావి దగ్గరి పెట్టె తెరిచి, పచ్చ బటన్ ఒత్తి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ రోజు కొత్త మాటలు బాగా ఎక్కుతున్నాయి. చీకటి పడేదాకా లేవలేదు.

ఆమె భుజం మీద దత్తు చెయ్యి బరువు లేకుండా అయిపోయింది. అతను చెయ్యి తీసేశాడు. పక్కకు జరిగి గుంజకు ఆనుకున్నాడు. కొడవలి ఇంకా అతని చేతిలోనే ఉంది.

“నువ్వేనా?” అన్నాడు.

తీగ సంగతి నాకు తెలియదు అనవచ్చు. అది నిజమే. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

“బటన్ ఒత్తింది నేనే,” అంది.

“మా నాయిన అరిసిండా?”

“అరిసిండు,” అంది ప్రతీక్ష. “ఒక్కసారి అరిసిండు. పందులను ఎల్లగొడ్తున్నడనుకున్న. మళ్ల పుస్తకం చూసిన.”

ఆమె కుడి చేత్తో సంచిలోంచి ఫోన్ తీసింది. విరిగిన చెయ్యి ఊగుతుంటే పళ్లు బిగబట్టి బొటనవేలితోనే పోలీసుల నంబరు నొక్కింది. అవతలి నుంచి ఒక ఆడగొంతు మరాఠీలో పలికింది. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు, ఏం జరిగింది అని అడుగుతోంది.

“ఫోన్ పెట్టెయ్,” అన్నాడు దత్తు.

“చెప్పనియ్యి దత్తూ. నా పేరుతోటి సుత చెప్త.”

“పెట్టెయ్ అన్న.”

ఆమె వైపు చూడకుండానే కుంటుకుంటూ తలుపు దాకా నడిచాడు. బయట ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. తలుపు లోపలికి లాగి, గడియ వేసి, కొడవలి పట్టుకుని వాళ్ల ముగ్గురి వైపూ తిరిగాడు.